నాగరత్నక్క ఫారంలో నేను రాయని షుగర్

ఈ పోస్ట్ ఈరోజే రాయాలి. శనివారం మా గార్మెంట్ ఫ్యాక్టరీలో కొత్త హెల్త్ ఫారాలు ఇస్తున్నారు. జబ్బుల గడిలో మనలో చాలామంది మళ్ళీ "ఏమీ లేవు" అనే రాస్తాం.

నిన్న పొద్దున పెనుకొండలో కంపెనీ బస్సు ఆగింది. నాగరత్నక్క ఎక్కలేదు.

లేటుగా వస్తుందేమోనని డ్రైవర్ అన్నను ఇంకాసేపు ఆగమన్నాను. అక్క వాళ్ళ తమ్ముడు కిటికీ దగ్గరికి వచ్చి, గుండెపోటుతో అక్క పోయిందని చెప్పాడు.

నాకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

అయినా ఏడుస్తూ రాస్తే ఆమెకే నచ్చదు.

హిందూపురంలో మా లైన్‌లో కాలర్ మిషన్ ఆమెది. పక్కన చెకింగ్ టేబుల్ నాది. ఆమె కాలర్లు వంకర. రోజుకు పదైనా వెనక్కి ఇచ్చేదాన్ని. నీ కండ్లకు దిష్టి తీయాల పాపా అనేది. లైనంతా నవ్వేది.

పోయిన ఏడాది నాకు నిద్ర కరువైంది, ఆకలి పోయింది. మా ఇంట్లో మొదట చదువుకున్నది నేనే. మనసు బాగాలేదంటే చదువు ఎక్కువైంది అంటారని ఎవరికీ చెప్పలేదు.

అక్క కనిపెట్టింది. టిఫిన్ బాక్స్ తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"పది దినాలైంది, నా కాలర్ ఒక్కటీ వెనక్కి రాల్యా. నేను అంత బాగా కుట్టేదాన్ని కాదు. నీకేమైంది పాపా?"

అక్కడే ఏడ్చేశాను.

ఆ ఆదివారం పుట్టపర్తిలో మానసిక డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. నన్ను మాట్లాడమని, సగం టైం తన షుగర్ గురించి, ధర్మవరంలో మగ్గం అమ్మేసిన మొగుని గురించి తనే చెప్పింది. మీలో పేషెంట్ ఎవరమ్మా అని డాక్టర్ అడిగారు. ఇద్దరమూ సార్ అంది అక్క.

మాత్రలు పనిచేశాయి. మెల్లగా ఆమె కాలర్లు మళ్ళీ వెనక్కి పోవడం మొదలైంది. ఆ సంతోషానికి లైనంతటికీ బొరుగుల ఉగ్గాని చేసుకొచ్చింది.

ఆ తర్వాతే హెల్త్ ఫారాలు వచ్చాయి. ఆమెకు రాయడం రాదు. నేనే నింపాను. షుగర్ అని రాయబోతే చెయ్యి పట్టుకుంది.

"వద్దు పాపా. షుగర్ ఉండాదంటే మిషన్ మీద కూర్చోనియ్యరు, ప్యాకింగ్‌లో నిలబెడతారు."

"ఏమీ లేవు" అని రాశాను. గుండ్రంగా, అందంగా.

ఆ రోజు నుంచి షుగర్ మాత్రను బాబిన్ డబ్బాలో దాచుకుని, తలవంచి మింగేది. మాటిమాటికీ బాత్‌రూమ్‌కు పోతే అడుగుతారని నీళ్ళు తాగేది కాదు.

నిజం రాసుంటే బతికేదా? తెలియదు. మంచినీళ్ళైనా తాగేది.

శనివారం నా ఫారంలో "డిప్రెషన్, మాత్రలు వాడుతున్నాను" అని రాస్తాను. భయంగానే ఉంది. ఒక్కదాన్నే రాస్తే నన్ను పక్కన పెట్టొచ్చు. లైనంతా రాస్తే ఎంతమందిని పెడతారు?

నాగరత్నక్కా, ఇంక నిమ్మళంగా ఉండు.

లైన్‌లో అక్కలూ, చెల్లెళ్ళూ, షుగర్, బీపీ, థైరాయిడ్, నాలాంటిది, ఏదున్నా ఈసారి రాస్తామనేవాళ్ళు శుక్రవారం సాయంత్రంలోగా నాకు మెసేజ్ పెట్టండి. రాయడం రానివాళ్ళు వాయిస్ పెట్టండి. మీ ఫారం నేను నింపుతాను, ఉన్నది ఉన్నట్టు.