నల్ల దూలాల ఇల్లు

మా తోడికోడలు ఇల్లు కొన్నదని తెలిసినప్పుడు నేను మనస్ఫూర్తిగానే సంతోషించాను. ఆ సంతోషం ఇల్లు చూసేదాకా నిలిచింది.

అప్పటికి మేము పార్సిప్పనీ అనే ఊళ్లో అపార్ట్‌మెంట్‌లోనే ఉంటున్నాం. మా మరిదివాళ్ల కొత్త ఇల్లు అక్కడికి అరగంట డ్రైవ్. గృహప్రవేశానికి వెళ్లి కారు దిగగానే కాళ్లు ఆగిపోయాయి. తెల్లటి గోడల మీద నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా నల్లటి దూలాలు. వాలు ఎక్కువగా ఉన్న కప్పు. కింది అంతస్తు కంటే జానెడు ముందుకు పొడుచుకు వచ్చిన పై అంతస్తు. అచ్చం పాతకాలపు ఇంగ్లీషు ఇల్లు.

హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివే రోజుల్లో క్లాసంతా అద్దాల మేడలు గీస్తుంటే నేను ఇలాంటి చెక్క ఇళ్ల వెంటపడ్డాను. అట్టముక్కలు, అగ్గిపుల్లలతో ఒకటి కట్టి హాస్టల్ గదిలో పెట్టుకున్నాను కూడా. పెళ్లయి ఈ దేశం వచ్చాక కొన్నేళ్లు పనిచేసే వీసా లేదు. ఆ వీసా చేతికందాక దొరికిన ఉద్యోగం గోడౌన్ల డ్రాయింగులు గీయడం. లారీ ఎక్కడ ఆగాలి, షట్టర్ ఎంత ఎత్తు లేవాలి, అదీ నా ఆర్కిటెక్చర్.

మా తోడికోడలిది సాఫ్ట్‌వేర్. నా చెయ్యి పట్టుకుని గదులన్నీ తిప్పుతూ, "రియల్టర్ ట్యూడర్ ట్యూడర్ అంటుంటే బిల్డర్ పేరేమో అనుకున్నానక్కా" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు నాకు ముల్లులా గుచ్చుకుంది. ట్యూడర్ అంటే ఆ నల్ల దూలాల కట్టుబడి పేరు. ఆ పేరు కూడా తెలియని మనిషికి దొరికింది ఆ ఇల్లు.

భోజనాల వేళ ఎవరూ చూడకుండా వెనక్కి వెళ్లి ఒక నల్ల దూలం మీద వేళ్లతో తట్టాను. డొల్ల మోత. మళ్లీ తట్టాను. అవి దూలాలు కావు, మామూలు గోడ మీద బిగించి నల్లరంగు వేసిన పలకలు. నాకు ఒక్కసారిగా ఆకలి వేసింది. లోపలికి వెళ్లి రెండోసారి పులిహోర పెట్టించుకుని తిన్నాను.

తిరుగు ప్రయాణంలో మా ఆయనతో, "అవన్నీ ఉత్తుత్తి దూలాలు తెలుసా?" అన్నాను.

"ఇల్లయితే నిలబడే ఉందిగా?" అన్నాడు ఆయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆ సంగతి తోడికోడలికి చెప్పలేదు. దాచుకున్నాను. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒక ఆంటీ "అబ్బ, ఆ దూలాలు ఎంత బాగున్నాయో" అనేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

మరుసటి ఏడు వసంతంలో లాంగ్ వీకెండ్‌కి రెండు కుటుంబాలం కలిసి వర్జీనియా వెళ్దామని నేనే అన్నాను. అక్కడ ఒక ఇల్లుంది. ఇంగ్లండ్‌లో కొన్ని వందల ఏళ్లు నిలిచిన ఇంటిని దుంగ దుంగా విప్పి, ఓడలో తెచ్చి, ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. అసలైనదాన్ని చూస్తే తన ఇల్లు ఏపాటిదో తోడికోడలికే తెలుస్తుందని నా ఆశ.

లోపలికి అడుగు పెట్టగానే ఆ ఉద్దేశం కాసేపు మరిచిపోయాను. ఒక ఓక్ దుంగ చివరను నాలుకలా చెక్కి, రెండోదాంట్లో తొలిచిన బెజ్జంలోకి దించి, అడ్డంగా చెక్క మేకు దిగ్గొట్టారు. బొమ్మల్లో తప్ప చూడని ఆ అతుకును వేలితో తడిమాను. దుంగల మధ్య తడిక అల్లి మట్టి మెత్తారు. ఏ దుంగ ఎక్కడ కూర్చోవాలో వడ్రంగులు ఉలితో పెట్టుకున్న గీతలు ఇంకా ఉన్నాయి. చెక్క పచ్చిగా ఉన్నప్పుడే కడతారని, ఎండేకొద్దీ మెలితిరిగి అతుకులు మరింత బిగుసుకుంటాయని, నేల ఒరిగింది అందుకేనని చెప్పుకుంటూ పోయాను. ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా నా చుట్టూ చేరారు.

అప్పుడు గుర్తొచ్చింది. తోడికోడలి వైపు తిరిగి, "మీ ఇంటివి ఇలాంటివి కావు. ఉట్టి పలకలు" అన్నాను.

"తెలుసక్కా. కొనేముందు ఇన్‌స్పెక్షన్‌లోనే చెప్పారు, డెకరేటివ్ అని. ఆ ఏరియాలో స్కూల్స్ బాగున్నాయని కొన్నాం" అంది, ఎంతో మామూలుగా. తర్వాత నా మొహంలోకి చూసి, "ఇంత తెలిసి ఆ గోడౌన్లు గీస్తూ కూర్చున్నారేంటక్కా?" అంది.

నేను మళ్లీ ఆ అతుకు వైపు తిరిగాను. ఏడాదిగా దాచుకున్న మాట అంత తేలిగ్గా కరిగిపోవడం ఒక బాధ. ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగకపోవడం ఇంకొకటి.

ఇంటికి వస్తూ దారిలో అడిగింది. "మా బ్యాక్‌యార్డ్‌లో చెక్క డెక్ పాడైపోయింది. దాని ప్లేస్‌లో ఇలాంటి నిజమైన దూలాలతో మండపం ఒకటి డిజైన్ చేసిస్తారా?"

వద్దనాలనే నోరు తెరిచాను. "చూద్దాంలే" అని వచ్చింది.

చలికాలమంతా గీశాను. మా ఆఫీసులో ఇంజినీర్ లెక్కలు సరిచూసి సంతకం చేశాడు. పెన్సిల్వేనియాలో ఇంకా ఆ పద్ధతిలోనే కట్టే వడ్రంగులు ఓక్ కోసి తెచ్చారు. స్తంభాలు లేపి, దూలాలు దించి, చివరి చెక్క మేకు కొట్టమని సుత్తి నా చేతికిచ్చారు. కొట్టాను. అతుకు బిగిసిన చప్పుడు భుజందాకా పాకింది. నా చదువు మొదటిసారి నిలబడింది, మా తోడికోడలి పెరట్లో.

తర్వాత మేమూ వరుస ఇళ్లలో ఒక టౌన్‌హౌస్ కొన్నాం. అక్కడ తలుపు రంగు మార్చాలన్నా కాలనీ అసోసియేషన్ ఒప్పుకోవాలి, పెరట్లో స్తంభం సంగతి చెప్పనే అక్కర్లేదు.

మొన్నొక ఆదివారం వాళ్లింటికి వచ్చిన ఒక ఆంటీ ఆ మండపం చూసి మురిసిపోయింది. "మా అక్క డిజైనండీ. నిజానికి ఇది ఆవిడదే, మా దగ్గర ఉంది అంతే" అంది తోడికోడలు. ప్రేమగానే అంది. అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఇదివరకు ఆమెకున్న ఇంటిని చూసి కుళ్లుకునేదాన్ని. అందులో ఏదీ నాది కాదని కనీసం తెలుసు. ఇప్పుడు నేను కన్నది ఆమె ఇంట్లో పెరుగుతోంది. ఆ పచ్చి చెక్క ఎండుతూ చీలే చప్పుడు వినేది వాళ్లు, దాని కింద వాన చూసేది వాళ్లు. టీ ఇంకో కప్పు పోయించుకుని, మా ఆయన రెండుసార్లు పిలిచినా లేవకుండా అక్కడే కూర్చున్నాను.