పత్తి కోటకెక్కిన సిపాయి

ఇవాళ మర్రిగూడలో ఒకరింటి ముందు పత్తి కుప్ప చూడగానే ఆ పాత వాసన ముక్కుకు తగిలింది. గుర్తుందా దోస్తులూ, మా ఇంట్లో అర్ర నిండా పత్తి పోస్తే అదే మన కోట! అందరం రాజులమే. ఫ్లోరైడు నీళ్లకు కాళ్లు వంగిన యూసుఫ్‌ను మాత్రం గడప దగ్గర కావలి కూర్చోబెట్టేవాళ్లం.

ఒకరోజు వాడు ఎర్ర తువ్వాల తలకు చుట్టి, కంది కట్టె కత్తి దూశాడు.

"గీ కావలి నాతోని గాదు. ఇయ్యాల్టి సంది నేను సిపాయిని. జరుగుండ్రి, గా కోట నాది!"

మనం నవ్వుకుంటూ ముందే ఉరికాం. నడుముల దాకా పత్తిలో దిగబడ్డాం. వాడు కత్తిని పళ్ల మధ్య కరచుకుని, బోర్లా పడుకుని మెల్లగా పాకాడు. పత్తి వాణ్ని మింగలేదు. కుప్ప పైకొసన కూర్చుని, కత్తి పైకెత్తి అరిచాడు:

"ఏమిరా రాజులూ, చెయ్యియ్యాల్నా?"