కోడలి పెరడు, అత్తగారి నాలుక

ఆస్పత్రి వంటశాలలో అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు కాబట్టి అది వరస కాదు, హోదా. కింది అంతస్తులో, బట్టలుతికే గదికీ మందుల గోదాముకీ మధ్య ఉన్న ఆ వంటశాలలో పెద్ద పొయ్యిలు ఆమెవి. రోగులకు జావ, సూపు, మెత్తగా ఉడికించిన కూరలు. నర్సులకూ డాక్టర్లకూ కాస్త కారం తగిలినవి. ఆమె గరిటెతో తీసి రుచి చూడడం తక్కువ. మూత తీసి ఆవిరి మీదకు వంగి, "ఉప్పు చాల్లేదు" అనో, "అడుగంటబోతోంది, మంట తగ్గించు" అనో చెప్పేది. చెప్పినట్టే ఉండేది.

ఒక చలికాలం ఆమెకు జ్వరం వచ్చింది. అందరికీ వచ్చినట్టే వచ్చింది, అందరికీ తగ్గినట్టే తగ్గింది. తగ్గిన మర్నాడు ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే నిలబడి కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయింది. ముందుగదిలోంచి అత్తగారు కేకేసింది.

"ఏమే అమ్మాయ్, పాలు మాడిపోతున్నాయి. అక్కడున్నావా, లేవా?"

చూస్తే గిన్నె అడుగు నల్లబడిపోయింది. వంటిల్లంతా పొగ. కళ్ళు మండుతున్నాయి గాని ముక్కుకు ఏమీ తెలియలేదు. పొయ్యి ఆపి, ఉల్లిపాయ ఒకటి కోసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారాయి, వాసన రాలేదు. ఉప్పు చిటికెడు నోట్లో వేసుకుంది. ఇసుక నమిలినట్టుంది. ఆమె గిన్నె నానబెట్టి, చెయ్యి కడుక్కుని, పనికి వెళ్ళిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. చెబితే ఏమవుతుందో ఆలోచించే ఓపిక లేకపోయింది. కాని నాలుక లేని వంట ఎన్నాళ్ళు దాగుతుంది? సూపులో ఉప్పు రెండుసార్లు పడింది. పై వార్డుల నుంచి కంచాలు నిండుగా వెళ్ళినవి నిండుగానే దిగివచ్చాయి. వంటశాల మేనేజరు ఆమెను తన గదికి పిలిచాడు. ఆయన మెతక మనిషి. ఆమె ఏడుస్తుందేమోనని బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు కూడా పెట్టుకుని కూర్చున్నాడు.

"కొన్నాళ్ళు కూరగాయల గదిలో ఉండండి పెద్దక్కా. కొన్నాళ్ళే."

"సరేనండి."

"మరోలా అనుకోకండి."

"ఏమనుకోవాలండీ?" అంది ఆమె. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలియక అడిగింది.

ఆ ఆస్పత్రిలోనే ముక్కు, గొంతు చూసే డాక్టరు ఉన్నాడు. ఆయన ముక్కులోకి లైటు వేసి చూసి, వాసన, రుచి తెలిసే నరాలు దెబ్బతిన్నాయన్నాడు. మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆమె తలూపి, కిందికి దిగి, సగంలో వదిలిన క్యారెట్ల తొక్క తీయడం మొదలుపెట్టింది.

ఇంట్లో ముగ్గురు. ఆమె, సిటీ బస్సు నడిపే భర్త, మోకాళ్ళు అరిగిపోయి కుర్చీలోంచి కుర్చీలోకి మాత్రమే ప్రయాణం చేసే అత్తగారు. భర్త సరదా మనిషి. సంగతి తెలిసిన రోజు భోజనాల దగ్గర, "ఇక నేను వండినా నువ్వు తినొచ్చు. వంక పెట్టడానికి వీల్లేదు" అన్నాడు. ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు. నీళ్ళ చెంబు అతని వైపు జరిపింది. అతను చాలాసేపు కంచంలోకే చూస్తూ తిన్నాడు.

రుచితోపాటు ఆకలీ పోయింది. గడియారం చూసి తినేది. నోట్లో ముద్ద తడిగుడ్డలా తిరిగేది. జాకెట్లు వదులయ్యాయి. మొహం లాగేసింది. పని నుంచి వచ్చాక వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుని గోడవైపు చూస్తూ ఉండేది. బాధ అని కూడా కాదు. పంటి డాక్టరు మత్తుసూది వేశాక చెంప ఉంటుందే, తాకితే ఎవరిదో తాకినట్టు, మనిషి మొత్తం అలా అయిపోయింది.

ఆ గుమ్మం అవతల పెరడు ఉంది. పెరడు అనడం దానికి గౌరవం. మూడు గోడల మధ్య పగిలిన సిమెంటు, పాత బస్సు టైర్లు, అడుగూడిన బకెట్టు, ఓ మూల గట్టిపడ్డ మట్టి. ఒకరోజు అత్తగారు తన కుర్చీని గుమ్మం దాకా ఈడ్చుకొచ్చింది.

"అలా చూస్తే గోడేమైనా కరుగుతుందా? లేచి ఆ మూల తవ్వు."

"ఎందుకు?"

"ఊరికే."

మామూలు రోజుల్లో అయితే ఆ మాట మీద పెద్ద రభసే జరిగి ఉండేది. ఆ అత్తాకోడళ్ళు ఒకరి మాట ఒకరు విన్న దాఖలా ఆ ఇంట్లో లేదు. కాని కాదనడానికి కూడా కాస్త జీవం కావాలి. ఆమె లేచి తవ్వింది. మర్నాడు కూడా తవ్వింది. చేతులు బొబ్బలెక్కాయి. ఆ మంట మాత్రం తెలిసింది.

మట్టిలో సత్తువ లేదని అత్తగారు తేల్చింది. కూరగాయల గదిలో రోజూ బుట్టలకొద్దీ తొక్కలు చెత్తబండికి పోయేవి. ఆమె మూత ఉన్న బకెట్టులో కొన్ని ఇంటికి తెచ్చి మూలన పోగుపెట్టసాగింది. బస్సులో ఆమె పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఎందుకో ఆమెకు తెలియదు. తెలియజెప్పింది పక్కింటి దర్జీ. ఒక పొద్దున గోడ మీదుగా తల పెట్టాడు.

"అక్కా, ఏమనుకోకండి. నేను కుట్టేవి పెళ్ళిబట్టలు. పట్టుకెళ్ళినవాళ్ళు వాసన చూసి వెనక్కి తెస్తున్నారు."

"ఏం వాసన?" అంది ఆమె.

దర్జీ నోరు తెరిచాడు. గుమ్మంలోంచి అత్తగారు అందుకుంది. "దానికి ముక్కు లేదు నాయనా. నాకు ఉంది. నువ్వన్నది నిజమే. కొంప కంపు కొడుతోంది. ముందే చెబుదామంటే, అది ఇన్నాళ్ళకి ఓ పని చేస్తోంది కదా అని ఊరుకున్నా."

ఆ తరవాత ఆమె కుప్ప మీద ఎండుటాకులు, ఆ పైన మట్టి కప్పడం నేర్చుకుంది. రోజూ పొద్దున్నే అడిగేది. "అత్తయ్యా, వాసనొస్తోందా?" "నిన్నటంత లేదు." ఇంకో రోజు, "తగ్గింది. ఇప్పుడు తడిమట్టి వాసనే." కుప్ప మాగిందని అలా తెలిసింది.

విత్తనాలు ఎవరూ కొనలేదు. కూరగాయల గదిలో పనికిరావని పక్కనపడేసిన మెత్తబడ్డ టమాటాలు, ముదిరిన సొరకాయ, వంకాయలు, బీన్స్, ఎండిన మిరపకాయలు, వాటి గింజలే విత్తనాలు. టైర్లలో మట్టి నింపి మిరప నారు పోసింది. గోడ పక్కన బీన్స్. సొరతీగకు భర్త పాత తాళ్ళు కట్టి, ఎక్కడానికి దారి చూపించాడు. "బస్సు కంటే ఇదే టైముకి వెళ్తోంది" అన్నాడు తీగను చూసి. ఆమె పెదవి కాస్త కదిలింది. అతను అది చూసి గబగబా లోపలికెళ్ళిపోయాడు.

మొలకలు వచ్చినప్పుడు ఆమెకు ఏమీ అనిపించలేదు. పూత వచ్చినప్పుడూ అంతే. బీన్స్‌కు పేనుబంక పట్టింది. సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి ఆకు ఆకూ తుడిచింది. పొద్దున నీళ్ళు పోయాలి, సాయంత్రం తుడవాలి, అంతే. చెయ్యాల్సిన పని ఒకటి ఉండేది, అది చేసేది.

మొదటి టమాటా పండింది. కోసి, మెట్టు మీద కూర్చుని కొరికింది. చల్లటి నీళ్ళు, జారే గింజలు, పళ్ళకు అడ్డుపడే తొక్క. అంతకుమించి ఏమీ లేదు. మిగిలిన సగం అత్తగారి చేతిలో పెట్టింది.

"ఎలా ఉంది?"

"బావుంది."

"బావుందంటే?"

ఇక్కడ అత్తగారి సంగతి చెప్పాలి. కోడలు కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడ నోట ఆ మాట రావడం ఇదే మొదలు. మెచ్చుకుంటే కోడలికి తలకెక్కుతుందని ఆవిడ గట్టి నమ్మకం. వంట కుదరకపోతే ఊరంతా వినిపించేలా చెప్పేది. కుదిరితే మాట్లాడకుండా రెండోసారి వడ్డించుకునేది. ఆ మౌనమే పెద్ద బిరుదు. ఇప్పుడు కోడలు ఎదురుగా నిలబడి, కోపం లేకుండా, ఆశ కూడా లేకుండా, బావుందంటే ఏమిటో చెప్పమంటోంది.

అత్తగారు ఇంకో ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"ముందు పులుపు తగుల్తోంది. పదునైన పులుపు కాదు, గుండ్రటిది. నములుతుంటే తీపి వస్తోంది, నాలిక చివరన కాదు, పక్కల్లో. తొక్క దగ్గర పచ్చి వాసన. ఆకు నలిపితే వస్తుంది చూడు, అది. నీ చేతులకీ అదే వాసన."

ఆమె చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. కాని అలాగే కొంతసేపు ఉంచుకుంది.

ఆ రోజు నుంచి భోజనాల దగ్గర ఆ తంతు మొదలైంది. పెరట్లోది ఏది వండినా ఆమె అడిగేది, అత్తగారు చెప్పేది. బీన్స్ గడ్డిలా ఉన్నాయని, కాని ఎండ తగిలిన గడ్డి అని. వంకాయకు గింజ పట్టకముందే కొయ్యమని. "తినేదానికంటే చెప్పేదే ఎక్కువైపోయింది. కూర చల్లారిపోతోంది" అని విసుక్కునేది గాని మానేది కాదు. భర్త కూడా ఒకసారి ప్రయత్నించాడు. చాలాసేపు నమిలి, "ఇది సొరకాయలా ఉంది" అన్నాడు. "నువ్వు బస్సు నడుపుకో" అంది తల్లి. అవన్నీ ఆమె వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల కబుర్లు విన్నట్టు వినేది. తను వెళ్ళలేని ఊరు. అయినా అక్కడ అందరూ క్షేమమేనని తెలుస్తోంది.

తీగకు సొరకాయలు దిగుతున్న రోజుల్లో అత్తగారు స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. కోడలు పనిచేసే ఆస్పత్రిలోనే చేర్చారు, ఆపరేషన్ చేశారు. ముసలావిడ బతికింది గాని తిండి ముట్టలేదు. నర్సు బతిమాలితే మొహం గోడవైపు తిప్పుకునేది. కింద నుంచి వచ్చిన కంచం అలాగే కిందికి వెళ్ళేది. కూరగాయల గదిలో కూర్చున్న కోడలి ముందు నుంచే వెళ్ళేది.

పొద్దున ఆమె పెరట్లో లేత సొరకాయ కోసింది. మెత్తగా ఉడికించి, చెంచాతో కొలిచి ఉప్పు వేసి, డబ్బాలో పెట్టుకుని వార్డుకు వెళ్ళింది. అత్తగారి మంచం పక్కన కూర్చుని చెంచా నోటి దగ్గర పెట్టింది.

"మన గోడ మీదిదేనా?"

"మనదే."

ముసలావిడ నోరు తెరిచింది. నెమ్మదిగా నమిలింది.

"ఉప్పు తక్కువ. కాయ మాత్రం వెన్న. నీళ్ళు బాగా పోశావు." ఇంకో చెంచా మింగి, "మధ్యలో కొంచెం తీపి ఉందే. గింజ దగ్గర" అంది.

ఈసారి కోడలు అడగలేదు. అడగకుండానే ముసలావిడ చెప్పింది. సగం డబ్బా తిని నిద్రపోయింది.

ఆమె వార్డు బయట బల్ల మీద కూర్చుంది. ఏదో చప్పుడైతే ట్రాలీ చక్రం అనుకుంది. చుట్టూ చూస్తే ట్రాలీ లేదు. అది ఆమె కడుపే. ఆకలి వేస్తోంది. ఎన్నాళ్ళయిందో. మిగిలిన సగం తిన్నది. రుచి లేదు. వెచ్చగా ఉంది, మెత్తగా ఉంది, గొంతు దిగుతోంది, దిగినచోట నిండుతోంది. డబ్బా అంచులు వేలితో తుడుచుకుంది. గోళ్ళలో ఇంకా పొద్దుటి మట్టి ఉంది. ఎవరికో రుణపడ్డట్టు, ఒక మాట చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలో తేలలేదు. సొరతీగకా, ముసలావిడకా, ఆ మూల తవ్వమన్న రోజుకా. కన్నీళ్ళు వస్తాయేమోనని చూసింది. రాలేదు. సరేనని లేచి డబ్బా కడిగింది.

అత్తగారు వార్డులో ఉన్నన్నాళ్ళూ ఆమె ఇల్లు చేరేసరికి చీకటి పడేది. భర్తవి డబుల్ డ్యూటీలు. ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సినవి కొయ్యడమే గాని నీళ్ళు పోసే తీరిక దొరకలేదు. మొక్కలు ఎండిపోతాయనుకుంది. ఎండలేదు. ఒక సాయంత్రం తొందరగా వస్తే సంగతి తెలిసింది. దర్జీ తన వైపు నుంచి గోడ మీదుగా రబ్బరు గొట్టం పెట్టి నీళ్ళు పడుతున్నాడు. ఆమెను చూసి తడబడ్డాడు.

"వాసన గురించి ఆ రోజు అలా అన్నానని..."

"నాకు వాసన తెలీదుగా" అంది ఆమె. అన్నాక అది హాస్యమని ఇద్దరికీ తట్టింది. ఆమె చిన్నగా నవ్వింది. బీన్స్ ఒడినిండా కోసి గోడ మీద పెట్టింది. "ఎలా ఉన్నాయో రేపు చెప్పాలి. బావున్నాయి అంటే కుదరదు" అంది.

అత్తగారు ఇనుప చట్రం పట్టుకుని నడుస్తూ ఇంటికి వచ్చింది. వస్తూనే కుర్చీ గుమ్మంలో వేయించుకుని, వంగ మొక్కలకు మట్టి ఎగదోయలేదని కోడలిని తిట్టింది. కోడలు తిరిగి ఓ మాట అంది. ఆ ఇంట్లో చాలాకాలానికి చిన్న రభస జరిగింది. భర్త చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు. అతని మొహం చూసినవాళ్ళు శుభవార్త ఏదో విన్నాడనుకున్నారు.

ఆమెకు రుచి తిరిగి రాలేదు. పచ్చి మిరపకాయ కొరికితే మంట తెలుస్తుంది, ఐసు ముక్క చల్లదనం తెలుస్తుంది, అంతే. పొయ్యిల దగ్గరకు మళ్ళీ రమ్మని మేనేజరు అడిగాడు. కొలతలు ఆమె చెబితే చాలు, రుచి చూడడానికి మనిషిని పెడతానన్నాడు. ఆలోచిస్తానంది. ఇంకా ఆలోచిస్తోంది.

కూరగాయల గదిలో ఆమెతో పనిచేసే ఆవిడ మొన్న అడిగింది. "రుచే తెలీనప్పుడు ఆ చాకిరీ అంతా ఎందుకు పెద్దక్కా? బజార్లో దొరకవా?"

పెద్దక్క సొరకాయ తొక్క తీస్తోంది. చెయ్యి ఆపలేదు.

"ఆకలేస్తోంది. పెరట్లోకెళ్తే ఏదో ఒకటి ఉంటోంది" అంది. కాసేపటికి, "మంచి సంగతే కదా" అంది, తనలో తను అనుకున్నట్టు. తొక్కలు బకెట్టులోకి తోసి, ఇంకో కాయ అందుకుంది.