డెబ్బై కాలరీల రొట్టె

మా బాపుకు షుగర్ వచ్చినప్పుడు నేను కరీంనగర్‌లో ఇంటర్ చదువుతున్నాను. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు ఒక అచ్చు కాగితం ఇచ్చి, ఏది తింటే ఎన్ని కాలరీలో చూసుకుని, రోజుకు తను రాసిచ్చిన హద్దు దాటకుండా తినమన్నాడు. "నెల తర్వాత మళ్లీ పరీక్ష. తగ్గకపోతే రోజూ ఇంజెక్షనే" అన్నాడు. పొలంలో పాము కనిపిస్తే కట్టెతో పక్కకు నెట్టేసే మనిషి, సూది మాట వినగానే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

కాగితం నా చేతికొచ్చింది. సైన్సు చదువుతున్నాననే పొగరు దానికి తోడైంది. "రొట్టె ఒకటి: డెబ్బై కాలరీలు" అని అందులో ఉంది. పూటకు రెండు జొన్నరొట్టెల చొప్పున నోట్‌బుక్కులో రాసి కూడితే, అబ్బో, ఇంకా బోలెడు మిగిలేవి.

"ఇంకోటి తిను బాపూ, లెక్కల ఇంకా జాగ ఉన్నది" అని నేనే బతిమాలేదాన్ని. అంత మంచి డాక్టరు జిల్లాలోనే లేడని బాపు మురిసిపోయేవాడు.

గొడవల్లా బెల్లం దగ్గరే. మాకు నాన్న బాపు, అమ్మ అవ్వ. అవ్వ బెల్లం డబ్బాను జొన్నల బస్తా వెనక దాచింది. అయినా ముక్కలు తగ్గుతూనే ఉన్నాయి. "మీ బాపే! గీ ఈడుల దొంగబుద్దేంది!" అని నాతో అనేది, ఆయనకు వినబడేటట్టు. "నేను ముట్టలే" అని ఒక్క మాట అని ఊరుకునేవాడు బాపు.

నెల తిరిగింది. షుగర్ తగ్గలేదు సరికదా, పెరిగింది. అవ్వ డాక్టరు ముందే అందుకుంది.

"సాటుకు బెల్లం తింటుండు సారూ!"

బాపు తల దించుకున్నాడు. నేను గబుక్కున నోట్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరు నా నోట్‌బుక్కు తిరగేసి, "రొట్టె ఏ బేకరీలో కొంటున్నారండీ?" అని అడిగాడు.

"కొనుడేంది సారూ? ఇంట్లనే చేస్త" అంది అవ్వ.

"ఇంట్లోనే! ముక్కలు సమానంగా కోస్తారా?"

"రొట్టెను కోసుడేంది?" అవ్వకు కోపమొచ్చింది.

అప్పుడు వెలిగింది నాకు. ఆయన రొట్టె బ్రెడ్డు ముక్క. దాన్ని మేము డబల్ రొట్టె అంటాం. మా రొట్టె పెనమంత ఉంటుంది. సంగతి చెబితే డాక్టరు నవ్వాపుకోలేక, "ముందు తూచి చూడమ్మా. సూది సంగతి ఇంకో నెల చూద్దాం" అన్నాడు.

ఇంటికి రాగానే అవ్వ చేసిన రొట్టె పట్టుకుని కిరాణా దుకాణానికి పరుగెత్తాను. తక్కెడలో ఒకవైపు అది, ఇంకోవైపు డబల్ రొట్టె ముక్కలు. ఆరు వేస్తేగానీ ముల్లు నిలవలేదు. నెలంతా నేను కూడింది ఒట్టి గాలి అన్నమాట!

ఆ మాట వినగానే బాపు మంచం మీంచి లేచాడు. "దొరికింది దొంగ! రొట్టె! నేను గాదు!"

"మరి బెల్లం?" అంది అవ్వ.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కాలేజీ నుంచి రాగానే రోజూ ఆ బస్తా వెనక చెయ్యి పెట్టింది నేనే. బాపును తిడుతుంటే సిగ్గు లేకుండా విన్నదీ నేనే. ఒప్పేసుకున్నాను. అవ్వ చెయ్యెత్తేలోపు బాపు అడ్డొచ్చాడు.

"నాకెర్కే. మొదటి దినమే చూసిన."

"మరి చెప్పకపోతివి?"

"పిల్ల నాకోసం దినాం లెక్కలు రాస్తున్నది. ఆకలైతది గదా."

ఆ పూట నుంచి బాపుకు సగం రొట్టే. మరుసటి నెల షుగర్ దిగింది, సూది తప్పింది. మిగిలిన సగం ఆయనే తుంచి నా కంచంలో వేసేవాడు, పైన ఒక బెల్లం ముక్క పెట్టి.