గోడ అవతల మా తాత

మా ముత్తాత జమ్మలమడుగు చుట్టుపక్కల ఏడు ఊళ్లకు పెత్తందారు. మా తాత ఎదురుపడితే సైకిలు మీద పోయేవాళ్లు దిగి నడిచేవారు. దయ్యాలను నమ్మే వంశం కాదు మాది. ఒకవేళ ఉన్నా, మా గడప తొక్కే ధైర్యం వాటికి లేదనుకునేవాణ్ని.

మా తమ్ముడు శేఖర్ ప్రొద్దుటూరులో మొదట గంజాయికి, తర్వాత మత్తు సూదులకు అలవాటు పడ్డాడు. రెండు చోట్ల చేర్పిస్తే రెండుసార్లూ నెల తిరక్కుండానే పారిపోయి వచ్చాడు. ఏడాది పాటు లోపలే ఉంటే తప్ప బతకడని డాక్టరు తేల్చి చెప్పాడు. పులివెందుల దారిలో ఉన్న, మత్తు మాన్పించే కేంద్రంలో చేర్చాం.

మూడో నెలలో గోడ దూకబోయాడట. అవతల ఒక ముసలాయన నిలబడి, "యాడికిరా పోతాండావు? దిగు" అన్నాడట. వీడు వెనక్కి దిగి పోయి పడుకున్నాడు.

వాడి గదిలోనే ఉండే ఓబులేసు తొండూరులో గొర్రెలు మేపుకునే ఇంటివాడు. అతనూ ఒకసారి గోడెక్కి ఆయన్ను చూశాడట. తెల్ల తలపాగా, వెండి పిడి కర్ర, ఎడమకాలి చెప్పు ఈడ్చుకుంటూ నడక. అచ్చం మా తాతే. ఆయన పోయేనాటికి వీళ్లిద్దరూ పుట్టలేదు. ఇంట్లో ఫొటో కూడా లేదు. కాస్త నవ్వమన్నందుకు ఫొటోగ్రాఫర్‌ను వెళ్లగొట్టిన మనిషి ఆయన.

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. పెద్ద మనవణ్ని నేనుండగా ముక్కూమొహం తెలియని ఓబులేసుకు కనపడటమేమిటి? తమ్ముణ్ని చూడబోయిన రోజు, ఇస్త్రీ పంచె కట్టుకుని ఆ గోడ పక్కనే సాయంత్రం దాకా కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

ఓబులేసు జాలిపడ్డాడు. "నీకెందుకు కనపడతాడు మామా? నువ్వేమన్నా గోడ దుంకేటోనివా?"

పౌరుషం వచ్చింది. పంచె ఎగగట్టి గోడెక్కాను. పైన కాలు వేశానో లేదో, అవతల చెప్పు ఈడ్చిన చప్పుడు. వెంటనే, చిన్నప్పుడు విన్న గొంతు, విసుగ్గా: "నువ్వు గూడానా?"

చూస్తే కంపచెట్లు తప్ప ఏమీ లేవు. దిగేసరికి ఇవతల కాపలాదారు నా చెయ్యి పట్టుకున్నాడు. నేనెవరో, మా ముత్తాత ఎవరో చెప్పాను.

"ఈడ చేరినోళ్లంతా ఇట్లాంటివే చెప్తారు, రాప్పా" అని గదివైపు నడిపించాడు.

శేఖర్ వచ్చి హామీ ఇస్తే గానీ వదల్లేదు. వాడు కడుపుబ్బ నవ్వడం చాలా ఏళ్ల తర్వాత అప్పుడే చూశాను.

మనిషి కుదురుకోవడానికి కాలం పడుతుంది, ఇన్నాళ్లు ఉండటమే వాణ్ని నిలబెట్టిందని డాక్టరు అంటాడు. నేనూ ఒప్పుకుంటాను. ఆ గొంతు ఎక్కడిదో మాత్రం ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఏడాది పూర్తయ్యాక, ఇంకో ఆరు నెలలు ఉంటానని వాడే అడిగాడు. ఆ ఖర్చు కోసం పులివెందుల దగ్గర మాకు మిగిలిన ఒక్క చీనీ బత్తాయి తోటను అమ్మేశాం.