చిన్నమ్మకు చెప్పని మాట

మా చిన్నమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, రెండు చేతులతో కాఫీ పళ్లు కోసేది. మా కొండల్లో ఆమె ఈడు ఆడవాళ్లకు అది వింతేమీ కాదు. అమ్మ పోయాక నన్ను పెంచి, చదివించి, హుకుంపేటలో టీచరయ్యేదాకా చూసింది ఆమే.

ఒకరోజు అన్నం తింటూ అంగిట్లో మండుతోందంది. సెల్‌ఫోను లైటు వేసి చూశాను. తెల్లటి మచ్చ, మధ్యలో చిన్న పుండు. ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాను. కాఫీ కోతలయ్యాక ఆస్పత్రికి పోదామని ఆమె అంటే, బడిలో సెలవు అడగడం ఇష్టంలేక నేనూ సరేనన్నాను. అలా మూడు నెలలు పోయాయి. పాడేరులో చూసిన డాక్టరు వెంటనే విశాఖపట్నం పంపాడు.

అక్కడ ముక్క తీసి పరీక్ష చేసి, క్యాన్సరన్నారు. ఎన్నాళ్లుంటుందని డాక్టరమ్మను గది బయట అడిగాను. ఆవిడ అంకె చెప్పలేదు. పుండు ఎంత లోతుకు పోయింది, ఒంట్లో ఎంత బలముంది, చుట్ట మానుతుందా, రేడియేషన్ కరెంటు పెట్టడం మధ్యలో ఆపకుండా పూర్తిచేస్తుందా, వీటిమీద ఉంటుందంది. మెడలోకి ఇంకా పాకలేదు కాబట్టి ఆశ ఉందంది. ఆమెకు అర్థమయ్యేలా మీరే చెప్పండంది.

నేను చెప్పలేదు. పేరు వింటే బెంగతోనే పోతుందని భయపడి, ముదిరిన పుండన్నాను.

కరెంటు ఆరు వారాలన్నారు. మూడో వారానికి పాత నొప్పి తగ్గింది కానీ నోరంతా పొక్కి గంజి కూడా దిగలేదు.

"పుండు మానిపోనాది కదే గుంటా. ఇంకేటి సేత్తారు? ఇంటికి పోదాం" అంది.

నాకూ పదో తరగతి పరీక్షల డ్యూటీ దగ్గరపడింది. డాక్టరమ్మ వద్దంటున్నా సంతకం పెట్టి తీసుకొచ్చేశాను.

నోరు కుదుటపడగానే మళ్లీ చుట్ట అందుకుంది. చూసి కూడా ఊరుకున్నాను. వానలు మొదలయ్యేసరికి మెడకింద గడ్డ లేచింది. మళ్లీ విశాఖపట్నం తీసుకెళితే, ఇక నొప్పికి మందులివ్వడమే అన్నారు. తిరుగు బస్సు కోసం కూర్చున్నప్పుడు ఆమెకు నిజం చెప్పాను.

"అప్పుడే సెప్పుంటే ఉండిపోదును కదమ్మా" అంది. గొంతులో కోపం లేదు.

తర్వాత నాలుగు నెలలు బతికింది. ఏ మాత్ర ఎందుకో అడిగి తెలుసుకుని మింగేది. చేలో చల్లే సోళ్ల విత్తనాలు ఎవరికివ్వాలో, తనను ఎక్కడ పాతిపెట్టాలో చెప్పింది. వైద్యం పూర్తిచేసినా ఎన్నాళ్లుండేదో నాకు తెలియదు. ఆస్పత్రిలో ఉండాలో ఇంటికి రావాలో తేల్చుకోవలసింది మాత్రం చిన్నమ్మ. ఆ వీలు నేనే లేకుండా చేశాను.