అర్వో, మోటార్‌సైకిల్, రోడ్డు మీది ఉప్పు

మా అన్నయ్య అర్వో తన మోటార్‌సైకిల్‌ని చూసుకున్నంత అపురూపంగా ఏ తల్లీ బిడ్డని చూసుకోలేదు. మాటవరసకి అనడం లేదు. మా అమ్మ మమ్మల్ని పెంచడం నేను కళ్ళారా చూశాను. ఎంత మంచు కురిసినా ఆవిడ మాకు వేసింది ఒక్కో స్వెట్టరే.

ఆ బండి మా నాన్నది. అమెరికాలో మిషిగన్ ఉత్తరపు కొసన, పెద్ద సరస్సు ఒడ్డున మా ఊరు. మార్చిలో కూడా మంచు కిటికీల దాకా పేరుకునే ఉంటుంది. ఏటా సరిగ్గా అదే నెలలో ఎక్కడో దక్షిణాన ఫ్లోరిడాలో పాత మోటార్‌సైకిళ్ల ఊరేగింపు. బండిని ట్రెయిలర్ మీద కట్టి, ట్రక్కుకి తగిలించి, మంచు కరగడానికి రోడ్ల నిండా చల్లిన ఉప్పులోంచి లాక్కెళ్ళాలి. ఇనుముని తినేసే ఆ ఉప్పంటే అన్నయ్యకి మనకి పామంటే ఉన్నంత భయం.

ఫిన్లాండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ మా వాళ్ళకి శనివారం సౌనా తప్పదు. ఆ ఆవిరి గదిలో కూర్చుని చెమటలు కక్కితే గానీ వారం పూర్తయినట్టు కాదు. ప్రయాణం ముందు శనివారం మాత్రం తొలి వంతు బండిది. ఏ మూలైనా తడి ఉండగా ప్లాస్టిక్ చుడితే లోపల్లోపలే తుప్పు పడుతుందని, సౌనా ముందుగదిలోకి దొర్లించుకుపోయి వెచ్చగా ఆరబెట్టేవాడు. మా వదిన ఐలీ భుజాన తువ్వాలు వేసుకుని బయట మంచులో నిలబడేది.

"ఇంకా ఎంతసేపు?"

"చెయిన్ దగ్గర కొంచెం చెమ్మగా ఉందే."

"ఇంతకీ నన్ను పెళ్ళి చేసుకున్నావా, దాన్నా?"

"నీకు తుప్పు పట్టదు కదా ఐలీ!"

ఆరాక ఒళ్ళంతా వాజిలీన్ మర్దనా, సైలెన్సర్ మూతికి ఉన్ని మేజోడు, పైన మెత్తటి దుప్పటి, దాని మీద బిర్రుగా ప్లాస్టిక్ చుట్టలు. "ఇంత తంటా ఎందుకు, ఓ టార్పాలిన్ కప్పేస్తే పోలా?" అన్నానొకసారి. అన్నయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "వదులుగా కప్పింది గాలికి కొట్టుకుని రంగంతా గీకేస్తుంది. నీ మొహానికి గోనెసంచి కట్టి ఫ్లోరిడా దాకా గాలిలో లాక్కుపోతే నీకెలా ఉంటుంది?"

ఇంత చేసీ నమ్మకం లేదు. దారిలో "ఆపు, కట్లు చూడాలి!" అని ఒకటే గోల. దిగి పట్టీలన్నీ లాగి చూసేవాడు. తర్వాత ట్రెయిలర్ అంచున వేలు రాసి నాలుక్కి తగిలించుకునేవాడు. "ఈ జిల్లా వాళ్ళు ఉప్పు దండిగా పోశారు" అనేవాడు, అదేదో పెళ్ళిభోజనమైనట్టు.

ట్రక్కు నడిపేది చెల్లెలినైన నేను. మాతో పాటు అన్నయ్య స్నేహితుడు తౌనో. గనిలో మేస్త్రీగా చేసిన మనిషి. రాయి పడి కాలు విరిగినప్పుడు "కాస్త నొప్పిగా ఉంది" అని ఊరుకున్నాడట. ఆడవాళ్ళ ముందు తుమ్మడానికి కూడా మొహమాటమే. అన్నయ్య ఆపమన్నప్పుడల్లా, "వీడు మంచులో పడి చస్తే ఐలీకి నేను జవాబు చెప్పుకోవాలి" అని సణుగుతూ వెంట దిగేవాడు.

ఈసారి అన్నయ్య బండే అన్నిటికన్నా పాతదని తేల్చి, ఊరేగింపులో అందరికన్నా ముందు చోటు ఇస్తామన్నారు. అయితే ముందురోజు పొద్దుగూకేలోగా చేరాలి, లేకపోతే ఆ చోటు వేరేవాళ్ళకి. ఈ సంగతి అన్నయ్య ఊరంతా చాటాడు. చర్చిలో రెండుసార్లు చెప్పాడు.

అంత చాటినవాడు దారి పొడుగునా ఆపిస్తూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అన్నయ్యా, ముందు చోటు కావాలా, కట్లు చూడటం కావాలా?"

"రెండూ. ఆపు."

"ఇందాకేగా చూశావు! ఆపను."

"పట్టీ వదులైన చప్పుడు వినిపించింది."

"నేను పక్కనే అరుస్తుంటే వినపడదు గానీ, వెనకాల పట్టీ చప్పుడు వినపడిందా?"

చుట్టూ తెల్లటి పొలాలు, ఒక్క ఇల్లు లేదు. ఎప్పుడూ అన్నయ్యని ఆటపట్టించే తౌనో పళ్ళు బిగించి కిటికీలోంచి చూస్తున్నాడు. "ఇర్మా, ఆపకపోతే తలుపు తీసి దూకేస్తా!" అని అన్నయ్య కేకేశాడు. ఆపాను. ఈ దెబ్బతో తేల్చేద్దామని, కాసేపాగి నేనూ దిగి వెనక్కి వెళ్ళాను.

పట్టీలు రాయిలా బిగుసుకుని ఉన్నాయి. అన్నయ్య బండి వంకైనా చూడటం లేదు. రోడ్డు పక్క గాలిలో రెండు చేతులూ బార్లా చాపి, ఒక దుప్పటి తెరలా పట్టుకుని నిలబడ్డాడు. ఆ తెర పైన తౌనో టోపీ ఒక్కటే కనిపిస్తోంది.

"తొందరగా కానియ్యరా, వేళ్ళు కొయ్యబారిపోతున్నాయి."

"నువ్వు మాట్లాడితే రాదురా! ఆపరేషన్ అయిన కాణ్నుంచీ ఇదే ఖర్మ. ఆ అమ్మాయికి తెలిసిందంటే మళ్ళీ ఈ ట్రక్కు ఎక్కను."

"తెలీదులే. దాని దృష్టిలో నాకు పిచ్చి."

అప్పుడు అన్నయ్య నన్ను చూశాడు. వెళ్ళిపొమ్మన్నట్టు గడ్డం ఊపాడు. మంచు కరకరలాడకుండా వెనక్కి నడిచి స్టీరింగ్ ముందు బుద్ధిగా కూర్చున్నాను. నవ్వాగలేదు. అన్నయ్య మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

ఇద్దరూ వచ్చి ఎక్కారు. అన్నయ్య వేలు నాకి, "ఇక్కడ ఉప్పు చప్పగా ఉంది" అన్నాడు.

"మీ అన్నయ్యకి ముదిరిపోయిందమ్మాయ్" అన్నాడు తౌనో హాయిగా.

కొంత దూరం పోయాక తౌనో మళ్ళీ అటూ ఇటూ కదలడం చూసి, నేనే వేగం తగ్గించాను. "అన్నయ్యా, ఎడంపక్క పట్టీ చప్పుడు చేసినట్టు లేదూ?"

"నీకూ అంటుకుందా ఈ జబ్బు?" అన్నాడు తౌనో. ట్రక్కు ఇంకా ఆగనే లేదు, ఆయన తలుపు తీసేశాడు.

మేం చేరేసరికి పొద్దుగూకింది, ముందు చోటు పోయింది. మర్నాడు ఊరేగింపులో అన్నిటికన్నా చివర నిలబెట్టారు. తౌనో బండి మీద అన్నయ్య వెనక కూర్చుని తిట్టడం మొదలుపెట్టాడు.

"ఆ పట్టీల పిచ్చి లేకపోతే ఈపాటికి ముందు ఉండేవాళ్ళం కదరా!"

"చివరే నయంరా" అన్నాడు అన్నయ్య. "మనం ఎక్కడ ఆగినా వెనకనుంచి హారన్ కొట్టేవాడుండడు."